పుంగనూరు ఆవు, సాకెడి చేయి

పుంగనూరు ఆవును చూచినవారు దాని పొట్టితనమునకు ముచ్చటపడుదురు. నాకు మాత్రము దానిని సాకెడి చేతియందే గౌరవము మెండు. చిత్తూరు సీమలో పుట్టి, మూడడుగులకు అటునిటుగా నిలిచెడి ఈ గోవు, రెండెకరముల రైతు దొడ్డికి కొలిచి చేసినట్లుండును. వేకువనే ఇల్లాలు పేడ యెత్తి, కుడితిలో తవుడు కలిపి పెట్టి, దూడను విడిచి, అది నాలుగు గుక్కలు కుడిచి ఆవు చేపిన పిదపనే ప్రక్కన కట్టి, చన్నులు కడిగి, నేలకు దగ్గరైన ఆ పొదుగు క్రిందికి చిన్న చెంబును వాల్చి పట్టి (అక్కడ బిందె యిమడదు గదా!) వ్రేళ్ళ కొసలతో నొప్పింపక పిండును, ఒక చన్ను దూడకు విడుచుట యేనాడును మరువదు. ఎంతటి నేర్పు, ఎంతటి దయ! గట్టున కోసిన పచ్చిక, ఇంత వరిగడ్డి దానికి చాలును. చిక్కని పాలు పిల్లల గిన్నెలలోనికి, పేడ చేనికి చేరును. పలమనేరు పశు పరిశోధనాస్థానమున ఈ జాతిని పరిరక్షించుచున్నారు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వంటి దూరపు సీమలకు ముచ్చటకొలది దీనిని తోలుకొనిపోదలచువారు, ముందుగా అట్టి ఇల్లాలి చెంత కొన్ని ఉదయములు కూర్చుండి ఆ పని నేర్చుకొనవలెనని నా మనవి.