నీళ్ళున్నవాళ్ళే మొదలుపెట్టాలి

ఈ వారం నాకు సంతోషం కలిగించిన సంగతి ఒకటి. ఖమ్మం జిల్లాలోని మా ఎర్రుపాలెంలో, మా వీధిలోనే, డిగ్రీ చదివే ఒక అమ్మాయి తన గుడ్డ ప్యాడ్లను డాబా మీద దండేనికి వరసగా ఆరేసింది. పైన తువ్వాలు కప్పలేదు, చీర అడ్డం వేయలేదు. పక్కింటావిడ చూసి, “అదేందమ్మా, నలుగురూ తిరిగే చోట” అంటే, “సరిగ్గా ఆరకపోతే రోగమొస్తది పిన్నీ” అని చెప్పి తన పని తాను చూసుకుంది.

దండెం గురించి నా గోల ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్తది కాదు. ఇల్లు కట్టేటప్పుడు పూజగదికి దిక్కు చూస్తారు, బండికి షెడ్డు వేస్తారు. ఆడవాళ్ళ లోబట్టలు ఎండలో ఆరడానికి మాత్రం జానెడు జాగా వదలరు. నా గోల ఉత్త చాదస్తం కాదనడానికి డాక్టర్ల సాక్ష్యమే ఉంది. ఒడిశాలోని భువనేశ్వర్, రూర్కెలా ఆసుపత్రులకు వచ్చిన ఆడవాళ్ళ మీద జరిగిన పరిశోధన 2015లో వెలువడింది. ఉతికి మళ్ళీ వాడే గుడ్డ పెట్టుకునేవాళ్ళలో ఇన్ఫెక్షన్లు ఎక్కువని అందులో తేలింది. గుడ్డ వద్దనేవాళ్ళు అక్కడితో ఆగిపోతారు. 2018లో అవే ఊళ్ళ నుంచి వచ్చిన రెండో పరిశోధన కూడా చదవాలి. గుడ్డ వాడేవాళ్ళలోనూ ఇంట్లోపల ఆరేసేవాళ్ళకు, మరుగుదొడ్డిలో దాచుకునేవాళ్ళకు ఫంగస్ ఇన్ఫెక్షన్ ఎక్కువగా కనిపించిందట. మా వీధి పిల్ల అన్న మాట కూడా అదే.

సర్కారు లెక్కల్లో ఈ తేడా కనిపించదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–24 ఏళ్ళ ఆడవాళ్ళలో సగం మంది గుడ్డ వాడుతున్నారు. ఆ సర్వే గుడ్డను పరిశుభ్రమైన పద్ధతుల్లో చేర్చదు. చూరులో దోపిన తడిపేలిక, ఎండలో పెళపెళా ఆరిన ప్యాడ్ రెండూ దానికి ఒకటే. మరోవైపు భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ళు 2021లో ఉతికి వాడే ప్యాడ్లకు ఐఎస్ 17514 పేరుతో ప్రమాణమే రాశారు. ఒక ప్రభుత్వ సంస్థ ప్రమాణం రాసిన వస్తువును ఇంకో ప్రభుత్వ సర్వే శుభ్రమైనదిగా లెక్కపెట్టకపోవడం నాకు న్యాయంగా అనిపించదు.

వాడే పద్ధతి చెబుతాను, దాచుకోండి. కొత్త ప్యాడ్‌ను ఉతక్కుండా వాడకూడదు. రెండు మూడు ఉతుకులు పడ్డాకే నూలు బాగా పీలుస్తుంది. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. తీసిన ప్యాడ్‌ను చన్నీళ్ళలో అరగంట నానబెట్టాలి. వేడినీళ్ళు పోస్తే నెత్తుటిలోని ప్రొటీన్ గడ్డకట్టి మరక నూలుకు పట్టేస్తుంది. మామూలు సబ్బుతో రుద్ది, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించాలి. సబ్బు మిగిలితే ఒరుసుకుని మంట పుడుతుంది. బట్టలు మెత్తబడటానికి వేసే వాసన మందులు వేయొద్దు, అవి పట్టిన నూలు తడిని పీల్చదు. ఆ తర్వాత ఎండ. ముసురు పట్టినప్పుడు ఫ్యాన్ కింద ఆరబెట్టి నూలు వైపున ఇస్త్రీ పెట్టాలి. తడి కారకుండా కుట్టిన వెనక పొరకు ఇస్త్రీ తగలకూడదు. పూర్తిగా ఆరాకే మడిచి పొడి సంచిలో పెట్టుకోవాలి.

ఇంత చెప్పాక, మన తాతమ్మల కాలంలో ఇదంతా ఉన్నదేగా అని మురిసిపోయేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా నాయనమ్మ కూడా పాత నూలు చీర చింపిన గుడ్డలే వాడింది. వాటిని ఉతికింది ఆమె కాదు, మా అమ్మా కాదు. తెల్లవారుజామున చాకలామె దొడ్డి గుమ్మం దగ్గరికి వచ్చేది. మూలన పడేసిన మూట ఎత్తుకుని రేవుకు పోయేది. చన్నీళ్ళలో జాడించి, చవుడులో నానబెట్టి, బానలో ఉబ్బ వేసి, బండకేసి ఉతికి, ఎండలో పరిచేది. మరక వదిలించే విద్య అంతా ఆమె చేతుల్లోనే ఉంది. అందుకు కల్లంలో మేర కింద ఇంత ధాన్యం, పొద్దుగూకాక ఇంటింటికీ తిరిగితే ఇన్ని మెతుకులు. మా ఇంట్లో పిల్లలం కూడా ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళం. ఆమెకు మా అమ్మ కంటే పదేళ్ళు ఎక్కువే ఉంటాయి. మా ఇంటి ఆడవాళ్ళకు నెలకు మూడు రోజులు మైల పేరుతో పనికి సెలవు. ఆ మైలనంతా చేతుల్తో ఎత్తుకుపోయిన మనిషికి తన ముట్టు రోజుల్లో కూడా సెలవు లేదు.

మా నాయనమ్మ గుడ్డ ఆరోగ్యంగా ఉందంటే అది ఆ బాన చలవ, ఆ బండ చలవ, ఇంకొక ఆడదాని నడుం నొప్పి చలవ. పాత రోజుల గొప్ప చెప్పేవాళ్ళు ఆ మూట సంగతి వదిలేసి చెబుతుంటారు.

తర్వాత ప్యాకెట్ ప్యాడ్ వచ్చింది. మూట పోయింది గానీ చాకిరి పోలేదు. ఆ ప్యాడ్ కింద ప్లాస్టిక్ పొర, నడుమ తడిని పీల్చి ఉబ్బే జెల్. మట్టిలో కలిసేది కాదు. కాగితంలో చుట్టి చెత్తలో వేస్తాం. పంచాయతీ ట్రాక్టర్ వెంట వచ్చిన మనిషి దాన్ని చేత్తో వేరు చేస్తాడు. కంపెనీలు ప్రతి ప్యాడ్‌కూ చుట్టి పారేసే సంచి ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. సంచిలో చుట్టినా మోసేది ఆ మనిషే. మన నెత్తురు తాకే పని ఒక కులం చేతుల్లోంచి ఇంకో కులం చేతుల్లోకి మారింది, అంతే.

అందుకే ఎవరి గుడ్డ వాళ్ళు ఉతుక్కునే పద్ధతి నాకు నచ్చింది. పాత నూలు బట్టలతో ప్యాడ్లు చేసే గూంజ్ సంస్థ, 2010 నుంచి ఆరోవిల్ కేంద్రంగా కుట్టిస్తున్న ఎకోఫెమ్ లాంటివాళ్ళు దారి చూపించారు. చుట్టూ పత్తి చేలున్న మన ఊళ్ళో ఈ పని ఎందుకు జరగదు, ఇంటింటికీ వెళ్ళి చెబుదాం అనిపిస్తుంది.

ఎవరి ఇంటికి వెళ్ళాలన్నదే అసలు ప్రశ్న. సాధారణంగా ఈ ప్రచారం పోయేది గూడేలకు, కూలీల దగ్గరికి. మిర్చి కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి మన జిల్లాకు వచ్చే ఆడవాళ్ళు చేల గట్ల మీద పట్టాల గుడారాలు వేసుకుని ఉంటారు. పొద్దంతా కాయ ఏరిన చేతులు మండుతుంటాయి. మార్చుకోవడానికి చాటు లేదు, అరగంట నానబెట్టడానికి బకెట్ లేదు, దండెం కట్టడానికి తమదంటూ గుంజ లేదు. వాళ్ళకు చన్నీళ్ళు, సబ్బు, ఎండ అని పాఠం చెప్పడానికి నా నోరు రాదు. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి ఖమ్మం ఇళ్ళలోకి వచ్చినప్పుడు, బురద నిండిన ఇంట్లో గుడ్డ ఎక్కడ ఆరేది? ఆ రోజుల్లో ప్యాకెట్ ప్యాడే ఆదుకుంటుంది.

మా మండలం సరిహద్దు దాటితే ఆంధ్ర. అక్కడ 2021 అక్టోబర్‌లో ‘స్వేచ్ఛ’ పేరుతో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నెలకు 10 ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ప్లాస్టిక్ పంచుతున్నారని విమర్శించినవాళ్ళున్నారు. కుళాయి రాని బడి మరుగుదొడ్డిలో నిలబడ్డ పిల్లకు ఆ పది ప్యాడ్లే బడి మానకుండా కాపాడతాయి. ఆ పిల్ల నెత్తిన పర్యావరణం బరువు పెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఆ బరువు ఎత్తుకోవాల్సింది ఇంట్లో బోరు, గోడ చాటున స్నానాలగది, పైన డాబా ఉన్న మనం. వాషింగ్ మెషిన్ కూడా ఉన్న మన ఇళ్ళలోనే ప్యాకెట్లు ఎక్కువ పేరుకుపోతున్నాయి. పాఠాలు కూలి ఆడవాళ్ళకు, వెసులుబాటు మనకు అన్నట్టుగా సాగుతోంది. ఈ వరస తిరగబడాలి.

కాబట్టి గుడ్డ ప్యాడ్ మీద ఉపన్యాసం ఇవ్వడానికి బడికో హాస్టల్‌కో వెళ్ళేవాళ్ళు ముందు మూడు చూడండి: మరుగుదొడ్డి లోపల నీళ్ళొచ్చే కుళాయి ఉందా, గడియ పడుతుందా, గోడల మధ్య పైకప్పు లేని ఆరుబయట దండెం ఉందా. లేకపోతే ప్యాడ్ల సంచి పక్కన పెట్టి, ముందు ఆ మూడూ కట్టించండి. అవన్నీ ఉన్న మన ఇళ్ళలో మాత్రం వచ్చే నెల నుంచే మొదలుపెడదాం. మన గుడ్డ మనమే ఉతుక్కుందాం, ఇంట్లో మగవాళ్ళు చూస్తుండగానే ఎండలో ఆరేద్దాం.