ఉత్తరం గోడ పక్క ఫాట్సియా

ఇంగ్లండ్‌లో చలికాలం మొదలైందంటే మన తెలుగిళ్లలో కరివేపాకు కుండీ హాల్లోకి వచ్చేస్తుంది, మల్లె కిటికీ పక్కకు చేరుతుంది. ఇక వసంతం దాకా రాలిన ప్రతి ఆకు మీదా చర్చే. ఇంటికి ఉత్తరాన, ఎండ మొహం చూడని గోడ పక్క ఫాట్సియా మాత్రం ఎవరి ఆలనా అడగదు.

చూపుకి అచ్చం ఆముదం ఆకు. అడుగు వెడల్పు, ఏడో తొమ్మిదో చీలికలు, నూనె రాసినట్టు మెరిసే ముదురు పచ్చ. వీడియో కాల్‌లో చూసి "ఆ చలిలో ఆముదం చెట్టు ఎలా బతుకుతోందే?" అంది అమ్మ. ఇంగ్లీషువాళ్లూ దీన్ని ఆముదం పేరుతో పిలుస్తుంటారు గానీ రెంటికీ చుట్టరికం లేదు. ఇది ఐవీ, జిన్‌సెంగ్‌ల కుటుంబం. పుట్టిల్లు జపాన్, కొరియా దక్షిణ ప్రాంతాలు. జపాన్ కథల్లో తెంగు అనే కొండభూతం విసనకర్ర ఈ ఆకేనంటారు. 1912లో ఫ్రాన్స్‌లోని నాంత్‌లో ఒక నర్సరీవాళ్లు దీన్ని ఐవీతో కలిపి కొత్త మొక్కను పుట్టించారు. అటు తీగా కాదు, ఇటు పొదా కాదు, నాకు నచ్చదు.

ఇంత ఆకు చూడగానే ఎండదేశపు మొక్క అనిపిస్తుంది. కానీ అడవిలో పెద్ద చెట్ల కింద పెరిగేది ఇది; చిక్కటి నీడలో దొరికిన కాస్త వెలుతురునీ పట్టుకోవాలంటే ఆ వెడల్పు కావాలి. జాలిపడి ఎండలో నాటితే ఆకు పసుపు తిరిగి అంచులు మాడతాయి. చలికి జంకదు. కుదురుకున్న మొక్కకు మైనస్ 5 డిగ్రీలు ఒక లెక్క కాదు. గడ్డకట్టే రాత్రి ఆకులన్నీ వేలాడేసి చచ్చినట్టు కనిపిస్తుంది. చలి విరిగాక వాటంతటవే లేస్తాయి. కంగారుపడి తుంచకండి. దాన్ని నిజంగా దెబ్బతీసేది కోతపెట్టే చలిగాలి.

అక్టోబరు, నవంబరుల్లో, మిగతా తోటంతా ముడుచుకున్నాక, తెల్లటి పూలబంతులు వేస్తుంది. ఒక్కో పువ్వు ముందు పుప్పొడి రాలుస్తుంది, కొన్నాళ్లు ఆగి తర్వాత ఆడ దశకు వస్తుంది; రెండుసార్లూ తేనె ఊరుతుంది. తన పుప్పొడి తనకే అంటకుండా ఉండే ఏర్పాటది. ఆ రోజుల్లో తేనె దొరికే చోట్లు తక్కువ కాబట్టి ఈగలూ కందిరీగలూ అక్కడే మూగుతాయి. ఇన్ని ఈగలు ముసిరే మొక్కను గుమ్మం దగ్గర నాటొద్దని నా సలహా.

పొడుగు సాగి కింద బోసిపోతే, గడ్డుచలి పోయాక మోకాలెత్తుకు కోసేస్తాను. పక్కింటివాళ్లు అయ్యో అంటారు. వేసవికి మోడు నిండా చిగుళ్లొస్తాయి. బలమైనవి మూడు ఉంచి తక్కినవి గిల్లేస్తాను.