డ్రాగనుకు కొలతలు కట్టువారు

లేని జంతువునకు కొలతలేమిటని నవ్వువారు నవ్వవచ్చును గాని, చలనచిత్రములకై డ్రాగనులను రూపొందించు చిత్రకారుల శ్రమ నాకు గౌరవపాత్రము. ఆకారము పెరిగినకొలది బలముకంటె భారమే త్వరితముగా పెరుగునని గెలీలియో 1638 నాటి గ్రంథమున నిరూపించెను. ఆ లెక్కన దేహపు పొడవు రెట్టింపైనచో రెక్కల వైశాల్యము నాలుగు రెట్లే యగును, బరువు మాత్రము ఎనిమిది రెట్లగును. కావున గబ్బిలపు రెక్కలను అదే నిష్పత్తిలో పెంచి, ఏనుగంత దేహమునకు అతికించి, ఎగురుమనుట అన్యాయము. రెక్కలను అంతకు మించి సాచవలెను, రొమ్ము కండరములను బలపరుపవలెను, ఎముకలను బోలుగా ఊహింపవలెను. 1971లో టెక్సాసులో శిలాజములు బయల్పడిన క్వెట్జల్‌కోట్లస్ అను ఎగిరెడు సరీసృపము సుమారు 10 మీటర్ల రెక్కల విస్తృతి కలదియై, జిరాఫీవలె పొడవుగా నిలిచియు, పావు టన్నుకు అటునిటుగా మాత్రమే తూగినదని పలువురి అంచనా గనుక, నేర్పరియైన చిత్రకారుడు మొదట దానినే పరిశీలించును. నిప్పు గ్రక్కుట యెట్లని మాత్రము వానిని అడుగరాదు!

అన్నిటికంటె నేను మెచ్చునది అవయవముల లెక్క. వెన్నెముక గల భూచరములలో నాలుగు కాళ్ళకు తోడు రెక్కలు గలది ఒక్కటియు లేదు గదా. అందుచేతనే 1981 నాటి ‘డ్రాగన్‌స్లేయర్’ చిత్రమున ముంగాళ్ళనే రెక్కలుగా మలచుట నాకు మిక్కిలి సమంజసముగా తోచును. 2013లో వచ్చిన రెండవ ‘హాబిట్’ చిత్రమునను స్మాగు అను డ్రాగనునకు ఈ రూపమునే ఇచ్చిరి.