ఒక్క నిమిషం లెక్క

కరెంటు పోయి ప్రొజెక్టర్ ఆగిపోయిన రోజే ఆశ కార్యకర్తల శిక్షణ బాగా సాగుతుందని నా అనుభవం. వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు చంకలో బిడ్డతో వచ్చే ఉంటారు. ఆ బిడ్డ నిద్రపోయేదాకా ఆగి, చొక్కా కాస్త పైకి జరిపి, అందరినీ చుట్టూ కూర్చోబెట్టి ఊపిరి లెక్కపెట్టమంటాను.

వినడానికి ఇంతకన్నా తేలిక పని లేదు. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. కానీ నిమిషమంతా కన్నార్పకుండా చూడాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేద్దామంటే కుదరదు. పసిబిడ్డ ఊపిరి కాసేపు గబగబా, కాసేపు ఆగి ఆగి నడుస్తుంది. ఏడుస్తున్నప్పుడూ, పాలు తాగుతున్నప్పుడూ పెట్టిన లెక్క పనికిరాదు. మొదటిసారి తలా ఒక అంకె చెబుతారు. ముప్ఫై ఎనిమిదని ఒకరు, యాభై రెండని ఇంకొకరు, ఇద్దరూ చూసింది ఒకే బిడ్డని! అంకెలు దగ్గరపడేదాకా మళ్లీ మళ్లీ లెక్కపెడతాం. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40. దగ్గుతో ఉన్న బిడ్డ ఊపిరి ఆ అంకెకు చేరితే న్యుమోనియా అని అనుమానించాలి. స్టెతస్కోప్‌తో పనిలేదు. డొక్కలెగరేస్తున్నాడని తల్లి ఎప్పుడూ చెప్పేదే, ఇక్కడ అంకె అవుతుంది.

మరి యాభై దాకా లెక్క రానివాళ్లో? దీనికి జవాబు గోదావరి అవతల, గడ్చిరోలిలో దొరికింది. (ఆ జిల్లాలో సిరోంచ వైపు వెళితే చెవిన పడేది తెలుగే.) అక్కడ ‘సెర్చ్’ సంస్థను పెట్టిన డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ ఊళ్లలోని మంత్రసానులకు న్యుమోనియా పట్టుకోవడం నేర్పారు. అందుకోసం ఒక పరికరం చేయించారు. నిమిషం ఇసుక గడియారం, దాని పక్కన పూసలు. పది ఊపిర్లకు ఒక పూస జరపాలి. ఇసుక మొత్తం జారకముందే ఎర్రపూస జరపాల్సి వస్తే అది న్యుమోనియా. ఆ పరికరానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు.

ఇంకా పెద్ద సంగతి, మందు కూడా ఆ మంత్రసాని చేతికే ఇవ్వడం. తర్వాత 39 ఊళ్లలో ఆరోగ్యదూతలకు పురిటిబిడ్డల సంరక్షణ నేర్పి, ఒంట్లో చీము విషం పాకిందనిపిస్తే జెంటామైసిన్ ఇంజెక్షన్ చేసే పని కూడా అప్పగించారు. నెల లోపు శిశుమరణాలు వెయ్యికి 62 ఉండేవి, మూడేళ్లకు 25 దగ్గరికి దిగాయి. 1999లో లాన్సెట్ పత్రిక ఆ ఫలితాలను అచ్చేసింది. ఇవాళ మన ఆశమ్మ 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో బాలింత ఇంటి గడప తొక్కే పద్ధతికి మూలం ఆ పనే.

పద్ధతి తెచ్చుకున్నాం గానీ ఊరి ఆడమనిషి మీద వాళ్లుంచిన నమ్మకాన్ని సగమే తెచ్చుకున్నాం. మన శిక్షణలో ఎక్కువ గంటలు రిజిస్టర్ నింపడానికీ, యాప్‌లో ఎక్కించడానికీ పోతాయి. ప్రమాదం కనిపిస్తే ఆస్పత్రికి పంపించమంటాం. సరే, అత్తగారిని ఒప్పించేదెవరు?

అందుకే హాల్లో ఒకామెను అత్తను చేసి కూర్చోబెడతాం. ఆశలు అత్త వేషం కట్టడంలో మహా ఘనులు, ఇళ్లలో చూసిందంతా దించేస్తారు. మహదేవపూర్ వైపు నుంచి వచ్చిన ఒకామె కొంగు దోపి, “ఐదుగురిని కన్న. నువ్వొచ్చి నాకు చెప్తవా?” అని లేచింది. ఎదురుగా ఉన్నామె తొణకలేదు. “నేనేం చెప్త లేనత్తా. నువ్వే లెక్కవెట్టు, నేను గడియారం చూస్త” అంది. హాలంతా ఘొల్లుమంది. ఏ మాడ్యూల్లోనూ లేని జవాబిది. ఆ తర్వాత వచ్చిన ప్రతి బ్యాచ్‌కీ అదే నేర్పుతున్నాను.

కొత్త ఆశకు శిక్షణ విడతలవారీగా ఇవ్వాలని నియమం. మంచిదే. కానీ అసలు ప్రశ్నలు ఊళ్లో పనిలో దిగాకే పుడతాయి. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970లో పని మొదలుపెట్టిన రజనీకాంత్, మాబెల్ ఆరోలే దంపతులు దీన్ని ముందే పసిగట్టారు. ఆరోగ్య పని కోసం ఊరు ఎంచి పంపిన ఆడవాళ్లు (చాలామంది అక్షరం రానివాళ్లు, వాళ్లలో దళితులూ ఉన్నారు) వారంవారం కేంద్రానికి వచ్చేవారు. రాత్రి అక్కడే ఉండి ఊళ్లో చూసిన రోగాలూ పడ్డ తంటాలూ చెప్పుకునేవారు. పాఠం అందులోంచే మొదలయ్యేది, ఏళ్ల తరబడి అలాగే సాగింది.

మనకూ పీహెచ్‌సీలో నెలనెలా సమావేశం ఉంది. ఎన్ని కాన్పులు, ఎన్ని టీకాలు అని పొద్దంతా లెక్కలే. చివర్లో డౌట్లుంటే అడగమంటారు, అప్పటికి ఊరి బస్సు వేళవుతుంది. నన్నడిగితే ఆ వరసను తిప్పేస్తే చాలు. రాగానే మంచినీళ్లిచ్చి, ఈ నెల ఏ బిడ్డను చూసి భయపడ్డారో ఒక్కొక్కరినీ అడగాలి. రిజిస్టర్లు మధ్యాహ్నం భోజనమయ్యాక తీయొచ్చు.