కంచు చక్రం, బంగారు పూత పతకం

రెండు పేర్లూ ‘పరమ’ తోనే మొదలవుతాయి. యుద్ధభూమిలో చూపిన సాహసానికి పరమవీర చక్ర, శాంతికాలంలో చేసిన సేవకు పరమ విశిష్ట సేవా పతకం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మొదట తెలిసే తేడా లోహానిది. ధైర్యానికి కంచు, సేవకు బంగారు పూత.

పరమవీర చక్ర రూపకర్త సావిత్రీ ఖానోల్కర్. స్విట్జర్లాండ్‌లో పుట్టి మన పురాణాలను మనసుకు పట్టించుకున్న మనిషి. నడుమ రాజముద్ర ఉంచి, చుట్టూ నాలుగు వజ్రాయుధాలు తీర్చింది. దధీచి తన వెన్నెముకను ఇస్తే తయారైన ఆయుధం అది. ఇంతకంటే తగిన గుర్తు నాకు తోచదు. ఈ చక్రం అందుకున్న 21 మందిలో 14 మందికి అది మరణానంతరమే దక్కింది. సేవా పతకం మీద ఉన్నది అయిదు కోణాల నక్షత్రం. అందంగానే ఉంటుంది. కానీ ఏ పతకం మీదనైనా ఇమిడిపోగల నక్షత్రం అది, వెనక కథేమీ లేదు.

హోదాల సంగతి చూద్దాం. ఆ 21 మందిలో తొమ్మిది మంది జవాన్లు, జూనియర్ కమిషన్డ్ అధికారులు. అందరిలోకీ పెద్ద హోదా లెఫ్టినెంట్ కర్నల్. అది కూడా ఒక్కరిదే, హైదరాబాద్ సంస్థానపు సైన్యంలో కొలువు చేసి, 1965లో పూనా హార్స్ ట్యాంకులను నడిపిస్తూ నేలకొరిగిన తారాపోర్‌ది. ఆయన పేరు పక్కనే లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా, రైఫిల్‌మన్ సంజయ్ కుమార్ నిలబడతారు. సేవా పతకం కూడా నిబంధనల ప్రకారం ఏ హోదా వారికైనా ఇవ్వవచ్చు. ఆచరణలో మాత్రం అది ఎక్కువగా లెఫ్టినెంట్ జనరళ్లకూ వారితో సమానమైన వారికీ వెళుతుంది. 1960లో మొదలైనప్పుడు ఈ సేవా పతకాలకు ఒకటి, రెండు, మూడు తరగతులని పేరు. 1967లో ఆ అంకెలు పోయి పరమ, అతి అనే విశేషణాలు వచ్చాయి. మెట్లు మాత్రం పోలేదు.

నన్ను నిజంగా బాధించేది ఛాతీ మీద పతకాలు పెట్టుకునే వరుస. అందులో పరమవీర చక్ర అన్ని సైనిక పతకాలకూ ముందుంటుంది, అది న్యాయం. కానీ మహావీర చక్ర కంటే పరమ విశిష్ట సేవా పతకం ముందు వస్తుంది. వీరచక్ర కంటే అతి విశిష్ట సేవా పతకం ముందు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణమిచ్చిన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబుకు దక్కింది మహావీర చక్ర. మరుసటి ఏడాది నవంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా ఆయన తల్లీ భార్యా దాన్ని అందుకున్నారు. ఆ వెండి చక్రం ఒక సేవా పతకం తర్వాతి స్థానంలో ఉండడం నాకు మింగుడుపడదు.

సేవ చిన్నదని కాదు. ఏటా జోజి లా కనుమలో మంచు తొలగించి దారి తెరవకపోతే అవతలి జవానుకు తిండీ తూటా అందవు. అసలు సేవనూ సాహసాన్నీ విడదీయడం ఎంత కష్టమో సెకండ్ లెఫ్టినెంట్ రామా రాఘోబా రాణే చూపించాడు. 1948 ఏప్రిల్‌లో నౌషేరా నుంచి రాజౌరీ వెళ్లే దారిలో ఆయన చేసింది ఇంజనీరు పని: మందుపాతరలు తీయడం, అడ్డంగా పడేసిన పైన్ చెట్లను తొలగించడం, ట్యాంకులకు బాట వేయడం. మోర్టారు గుండ్లు పడి తన మనుషులు ఇద్దరు పోయారు, తనకూ గాయమైంది. అయినా పని ఆపలేదు. శత్రువు మెషిన్‌గన్ గురిపెట్టి ఉన్నచోట ఆ పని చేశాడు గనుక దానికి పరమవీర చక్ర వచ్చింది, చేసిన ప్రతి పనీ ప్రశంసాపత్రంలోకి ఎక్కింది. అదే దారిని తూటాల మోత లేని రోజుల్లో, అదే ఓర్పుతో, ఏళ్ల తరబడి తెరుస్తూ రిటైరైన హవల్దారు కోసం వెతుకుతూ బంగారు పూత పతకాల జాబితా తిరగేస్తాను. అక్కడ వరసగా కనిపించేవి జనరళ్ల పేర్లే.