రాధికాసాంత్వనము - అవతారికాలోపము

తంజావూరి రాజసభలయందు స్త్రీలు చేసిన సాహిత్యసేవ యొకరితో మొదలై యొకరితోఁ దీఱినది కాదు. రఘునాథనాయకుని కాలమున రామభద్రాంబ సంస్కృతమున రఘునాథాభ్యుదయమును రచించెను. మధురవాణి యాతని తెలుఁగు రామాయణమును సంస్కృతీకరించెను. విజయరాఘవనాయకుని యాస్థానమున రంగాజమ్మ మన్నారుదాసవిలాసమును, ఉషాపరిణయమును గూర్చెను. తరువాత మహారాష్ట్ర ప్రభువగు ప్రతాపసింహుని కాలమున (1739-1763) ముద్దుపళని రాధికాసాంత్వనమును వెలయించెను. ఈ విదుషీమణులను గొనియాడువారు నేఁడు పెక్కురు కలరు. కాని కొనియాడుట వేఱు. వారి గ్రంథమును యథాతథముగ నిలుపుట వేఱు. రెండవదియే నిజమైన గౌరవమని నా తలంపు.

ముద్దుపళని తన కావ్యావతారికయందుఁ దన యవ్వయగు తంజనాయకిని గీర్తించినది. ప్రబంధకవులు పితృపితామహులను వర్ణించు స్థానమున నొక కవయిత్రి తన యవ్వను నిలుపుట సామాన్యవిషయము కాదు. కవి యెవరు, ఎవరి సంతతివారు, ఎవరి శిష్యులు అనునది మనకుఁ దెలియుట యవతారికవలననే కదా! అట్టి యవతారికయుఁ గొన్ని పద్యములును 1887లో వెంకటనరసుగారు ప్రకటించిన ముద్రణమున విడువఁబడినవి.

పాణిని మతమున లోపమనఁగా నదర్శనమే కాని యభావము కాదు. ప్రత్యయము లోపించినను దన్నిమిత్తకమగు కార్యము కలుగుచునే యుండును. అచ్చున లోపించినదియు వ్రాఁతప్రతియందు నిలిచియే యుండెను. బెంగుళూరు నాగరత్నమ్మ యట్టి ప్రతిని సంపాదించి, అచ్చుప్రతితో సరిచూచి, 1910లో వావిళ్లవారిచేఁ బ్రకటింపఁజేసెను. ఆమెను సంగీతవిదుషిగాను, తిరువయ్యాఱున త్యాగరాజస్వామి సమాధిని ఉద్ధరించిన భక్తురాలిగాను లోక మెఱుఁగును. గ్రంథపరిష్కర్త్రిగాఁ గూడ నామె యగ్రగణ్య యని పండితులు గుర్తింపవలసి యున్నది.

స్త్రీవిద్యకై యంతగాఁ బాటుపడిన వీరేశలింగము పంతులుగారే యాంధ్రకవుల చరిత్రమున నీ కావ్యమునందలి శృంగారము స్త్రీముఖమున రాఁదగనిదని గర్హించిరి. దానికి నాగరత్నమ్మ తన పీఠికయందు, పంతులుగారు స్వయముగఁ జూచి యామోదించిన వైజయంతీవిలాసమును జూపి, సిగ్గు స్త్రీలకే కాని పురుషులకు వలదా యని ప్రశ్నించెను. ఈ ప్రశ్న తర్కశుద్ధమైనది. శృంగారవర్ణనము గర్హకు హేతువైనచోఁ బురుషకృతులయందును గర్హ యుండవలెను. అచ్చట లేదు గనుక హేతువు వ్యభిచరించినది. కావున గర్హకు మూలము వర్ణనము కాదు, వర్ణించినవారి స్త్రీత్వమే యని తేలుచున్నది.

కావ్యార్థమును జూతము. రాధ తాను పెంచిన యిళను దానే కృష్ణునకిచ్చి పెండ్లి చేయించి, పిదప నా దుఃఖమును దాళలేకపోవును. కృష్ణుఁ డామెను వేఁడి యూఱడించును. రాధికాసాంత్వన మనుచోట షష్ఠీసమాసము; సాంత్వనక్రియకు రాధిక కర్మ, కృష్ణుఁడు కర్త. ఊఱడింపఁబడవలసినది స్త్రీ హృదయము. ఊఱడించు భారము నాయకునిది. త్యాగమును, ఈర్ష్యయు నొక్క హృదయమున నిలిచి పెనఁగులాడుట యీ కావ్యమునకుఁ బ్రాణము. కొన్ని పద్యములను మాత్రమే యేఱి తీర్పు చెప్పువారికిఁ బ్రాణము గోచరింపదు.

1911లో ప్రభుత్వము దీనిని అశ్లీలమని ప్రతులను స్వాధీనపఱచుకొనెను. ప్రకాశము పంతులుగారి ప్రభుత్వకాలమున 1947లో నిషేధము తొలఁగెను. 1952లో నాగరత్నమ్మ పరమపదించెను.

ఇందలి పద్యములన్నియు బాలుర తరగతులకుఁ దగునని నేననను. పాఠశాలకుఁ దగిన భాగము నేఱికొనుట యుపాధ్యాయుని యధికారము. కాని యేఱినది భాగమే యని విద్యార్థులకుఁ జెప్పవలెను. పండితులకై ముద్రించు ప్రతియందు నొక్క యక్షరమును విడువరాదు. తంజావూరి కవయిత్రుల చరిత్రమును బోధించునాఁడు రాధికాసాంత్వనమును దాని యవతారికతోనే మొదలిడవలయును. మనుమరాలు నిలిపిన యవ్వ పేరును దుడిచివైచు హక్కు పరిష్కర్తకు లేదు.