రంధ్రములు వేరు, దారులు వేరు

షేలు శిలలలోని సహజవాయువును గురించిన జనరంజక వ్యాసములలో రెండు మాటలు తరచుగా కనబడుచున్నవి. ఒకటి, ఆ శిల స్పంజివలె వాయువును పీల్చుకొని యున్నదని. రెండవది, నీటి ఒత్తిడితో పగులగొట్టినచో ఆ శిలయే పారగమ్యమగునని. రెండును పాఠకుని పెడదారి పట్టించునవే.

స్పంజిలోని రంధ్రములు ఒకదానితో నొకటి కలిసియుండును. పిండిన నీరు వచ్చును. షేలును తేనెపట్టుతో పోల్చుట మేలు. అరలన్నియు నిండియున్నను, మూతలు తీయనిదే తేనె కారదు. శిలలో ఖాళీ ఎంత యున్నదో తెలుపునది రంధ్రత. ఆ ఖాళీలగుండ ద్రవముగాని వాయువుగాని ఎంత సులువుగా సాగునో తెలుపునది పారగమ్యత. దీని కొలమానమైన డార్సీ, 1856లో తన ప్రయోగములను ప్రకటించిన ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ పేర వెలసినది. మంచి ఇసుకరాతి పారగమ్యత 100 మిల్లీడార్సీలనుకొన్నచో, షేలుది 100 నానోడార్సీలు మాత్రమే యుండవచ్చును. అనగా పదిలక్షలవ వంతు. దారి బొత్తిగా లేకపోలేదు, అంత ఇరుకు.

ఇక రెండవ మాట. పగుళ్ళు ఏర్పడినను, వాని నడుమ మిగిలిన శిల ఎప్పటివలెనే యుండును. మారునది వాయువు నడువవలసిన దూరము. ఒత్తిడి వ్యాపించు కాలము దూరముయొక్క వర్గము ననుసరించును గనుక, దూరము పదవ వంతైన కాలము నూరవ వంతగును. పగుళ్ళ దరినున్న వాయువు ముందు వచ్చును. దూరమున నున్నది నెమ్మదిగా వచ్చును. బావి దిగుబడి మొదటి యేడాదిలోనే చాల తగ్గుటకు ఇది ముఖ్యకారణము. టెక్సాసులోని బార్నెట్ షేలులో 1981లో మొదటి బావి త్రవ్వినను, గిట్టుబాటగు పగులగొట్టు పద్ధతి 1990ల చివరగాని కుదరలేదు.

ఇది మాటల పట్టింపు కాదు. పోలండు షేలులనుండి 187 లక్షల కోట్ల ఘనపుటడుగుల వాయువు తీయవచ్చునని 2011లో అమెరికా ఇంధన సమాచార సంస్థ అంచనా వేసెను. మరుసటి యేడే పోలండు భూగర్భ సంస్థ ఆ అంకెను దాదాపు పదవ వంతుకు దించెను. త్రవ్విన బావులు గిట్టుబాటు కాలేదు. పెద్ద కంపెనీలు వెడలిపోయినవి. దీనికి పారగమ్యత ఒక్కటే కారణము కాదు. కాని పెద్ద అంకెను చూచి ఆశపడినవారికి, భూమిలో నున్నదంతయు బావిలోనికి రాదను మాట ముందే చెప్పవలసి యుండెను.

మన కృష్ణా-గోదావరి మండలపు షేలులను గురించియు పెద్ద అంకెలు ప్రచురింపబడినవి. వానిని ఉదహరించు రచయితలు 'ఎంత యున్నది' అని వ్రాసిన ప్రతిచోట, 'ఎంత వచ్చును, ఎంత కాలమునకు వచ్చును' అని కూడ వ్రాయవలెను.